చీటీ లెక్కల ప్రోగ్రాం రాశారా? సోర్స్ కోడ్‌తో కలిపి ఇలా పంచండి

మీరు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చీటీ లెక్కల ప్రోగ్రాం ఒకటి రాశారనుకుందాం. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది సభ్యులు, నెలకు తలా ఐదు వేలు. పాటలో ఒకరు ఇరవై వేలు వదులుకుని ఎనభై వేలు తీసుకుంటారు. ఆ ఇరవై వేలలో చీటీ నడిపేవారి కమీషన్ పోగా మిగిలినది సభ్యులందరికీ సమానంగా పంచితే, ఆ నెల ఎవరు ఎంత కట్టాలో తేలుతుంది. ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో చక్కగా నడుస్తోంది. ప్రొద్దుటూరులో ఉన్న మిత్రుడు తనకూ కావాలన్నాడు. మైదుకూరులో దుకాణం నడిపే మామయ్య అడిగారు. కడపలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే మాస్టారు తరగతిలో చూపిస్తానన్నారు. ఈ ముగ్గురికీ ఏమివ్వాలి?

మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, మీరు రాసిన సోర్స్ కోడ్‌ను ఉన్నది ఉన్నట్టు ఇవ్వడం. అది మనిషి చదవగల పాఠ్యం. నడవాలంటే తీసుకున్నవారి దగ్గర పైథాన్ ఉండాలి. రెండోది, పైథాన్‌తో సహా అవసరమైనవన్నీ కట్టగట్టి, మౌస్‌తో రెండుసార్లు నొక్కితే తెరుచుకునే ఈఎక్స్ఈ ఫైలుగా ఇవ్వడం. దాన్ని ఎవరైనా నడపగలరు కానీ, లోపల లెక్క ఎలా జరుగుతోందో మామూలుగా చూడలేరు, మార్చుకోలేరు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రెండూ ఒకే కట్టలో ఇవ్వండి. సోర్స్ లేకుండా నడిచే ప్రోగ్రాం ఒక్కటే ఎవరికీ ఇవ్వకండి. పైథాన్ పేరు కూడా వినని మామయ్యకు సోర్స్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం కూడా సాయం అనిపించుకోదు.

సోర్స్ ఎందుకు తప్పనిసరి

చీటీ కమీషన్‌నే తీసుకోండి. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ నడిపేవారు తీసుకోగల కమీషన్ గరిష్ఠంగా చీటీ మొత్తంలో 5 శాతం. 2019లో చేసిన సవరణ ఆ పరిమితిని 7 శాతానికి పెంచింది. పై ఉదాహరణలో 5 శాతమైతే కమీషన్ 5,000 రూపాయలు. మిగిలిన 15,000 ఇరవై మందికి పంచితే తలా 750 వస్తుంది, ఆ నెల ఒక్కొక్కరు 4,250 కట్టాలి. 7 శాతమైతే కమీషన్ 7,000, మిగిలేది 13,000, తలా 650, కట్టాల్సింది 4,350. మీరు ప్రోగ్రాం మధ్యలో ఎక్కడో 0.05 అని రాసి ఈఎక్స్ఈ మాత్రమే ఇచ్చారనుకోండి. చీటీ నడిపేవారు కమీషన్ పెంచిన నెల నుంచి ప్రతి సభ్యుడి లెక్కలో వంద రూపాయల తేడా వస్తుంది. తీసుకున్నవారు దిద్దుకోలేరు. మీరు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయి ఉండవచ్చు, మీ పాత కంప్యూటర్ పాడైపోయి ఉండవచ్చు. సోర్స్ ఉంటే ఒక్క వరుస మార్చి ముందుకు వెళ్తారు.

డబ్బు లెక్క కాబట్టి ఇంకో విషయం కూడా ఉంది. ‘ఈ అంకె ఎలా వచ్చింది?’ అని అడిగే హక్కు చీటీ కట్టే ప్రతి మనిషికీ ఉంది. ‘కంప్యూటర్ చెప్పింది’ అన్నది దానికి జవాబు కాదు. సోర్స్ దగ్గరుంటే చదవగలిగిన వారెవరైనా తీసి చూపించగలరు.

ఈ పద్ధతి కడపకు కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఇక్కడి తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి చూపించి, లేఖకుల తప్పులు దిద్దించాడు. చదవగల ప్రతులు చేతిలో ఉన్నందువల్లనే ఆ పని సాధ్యమైంది. ప్రోగ్రాంలో దిద్దుబాట్లకు కూడా అటువంటి ప్రతే కావాలి.

నేర్చుకోవడం సంగతి సరేసరి. 1970ల చివర్లో, 1980లలో విదేశాల్లో ఇంటి కంప్యూటర్ల పత్రికలు బేసిక్ భాషలో రాసిన ప్రోగ్రాములను పూర్తిగా అచ్చువేసేవి. పాఠకులు వాటిని వరుస వరుసగా టైపు చేసుకుని నడిపించేవారు. ఒక కామా తప్పితే ప్రోగ్రాం ఆగిపోయేది, ఎక్కడ తప్పిందో వెతుకుతూ భాష నేర్చుకునేవారు. మాస్టారి తరగతిలో మీ ప్రోగ్రాం చేయవలసిన పని కూడా ఇదే.

మొదట ఇల్లు సర్దండి

ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌ను అలాగే జిప్ చేసి పంపకండి. పక్కన కొత్త ఫోల్డర్ తెరిచి, అవసరమైన ఫైళ్లను ఒక్కొక్కటిగా చూస్తూ అందులోకి కాపీ చేయండి. చూడవలసినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది సభ్యుల సమాచారం. పరీక్షించడానికి మీరు నిజమైన చీటీ పుస్తకంలోని పేర్లు, ఫోను నంబర్లు, ఎవరు ఎన్నో నెలలో పాడుకున్నారన్న వివరాలు వాడి ఉంటారు. అవి ఒక్కటి కూడా బయటికి పోకూడదు. ‘సభ్యుడు 1’, ‘సభ్యుడు 2’ అని కల్పిత పేర్లతో చిన్న నమూనా ఫైలు తయారుచేసి అదే ఇవ్వండి. పాస్‌వర్డులు, మీ ఇంటి కంప్యూటర్‌లోని ఫోల్డర్ల చిరునామాలు కోడ్‌లో ఉంటే తీసేయండి. ఫైళ్లలో జరిగిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్ అనే సాధనం వాడే అలవాటు ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. ఈ రోజు ఫైలును తొలగించినా పాత చరిత్రలో అది అలాగే ఉంటుంది. అందుకే పంచుకునే ప్రతికి చరిత్ర లేని కొత్త గిట్ ఫోల్డర్‌తో మొదలుపెట్టడం మేలు.

ఆ తరువాత మారే అవకాశమున్న అంకెలన్నీ ఒకచోటికి తెండి. కమీషన్ శాతం, సభ్యుల సంఖ్య, చీటీ మొత్తం, నెలలు. వీటిని కోడ్ మధ్యలో వదలకుండా వేరే సెట్టింగుల ఫైలులో పెట్టండి. అప్పుడు మామయ్య కూడా నోట్‌ప్యాడ్‌లో తెరిచి 5ను 7గా మార్చుకోగలరు, సోర్స్ జోలికి వెళ్లనక్కరలేదు. చిన్న పనే అయినా తరువాత వచ్చే ఫోన్లలో సగం దీనితోనే తప్పుతాయి.

తెలుగు పేర్ల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. విండోస్‌లో పైథాన్ ఫైలును తెరిచేటప్పుడు, తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలనూ దాచగల యూటీఎఫ్-8 సంకేత పద్ధతి వాడమని మీరు స్పష్టంగా చెప్పకపోతే, అది ఆ కంప్యూటర్‌లోని పాత సంకేత పద్ధతిని తీసుకుని తెలుగు అక్షరం రాగానే తప్పు చూపించి ఆగిపోవచ్చు. మీరు విండోస్ బదులు లినక్స్ అనే వ్యవస్థ వాడుతుంటే మీ దగ్గర ఈ ఇబ్బంది కనిపించదు, అవతలివారి దగ్గరే బయటపడుతుంది. కాబట్టి ఫైలు తెరిచే ప్రతిచోటా యూటీఎఫ్-8 అని రాయండి. నెలవారీ పట్టికను ఎక్సెల్‌లో తెరవడానికి సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన పట్టికగా) ఇస్తుంటే, ఫైలు మొదట్లో యూటీఎఫ్-8 గుర్తు కూడా ఉండాలి. అది లేకపోతే ఎక్సెల్ తెలుగును అర్థంలేని గుర్తులుగా చూపించవచ్చు. పైథాన్‌లో ‘యూటీఎఫ్-8-సిగ్’ అన్న ఎంపిక ఈ పని చేస్తుంది. ఫైళ్ల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టండి. పాత విండోస్‌లో జిప్ విప్పినప్పుడు తెలుగు ఫైలు పేర్లు చెడిపోవచ్చు.

రీడ్‌మీ రాయండి, దాన్ని ఇంకొకరిచేత చదివించండి

సోర్స్‌తో పాటు రీడ్‌మీ అనే ఫైలు తెలుగులో రాయండి. ప్రోగ్రాం ఏమి చేస్తుంది, ఏ పైథాన్ సంస్కరణ కావాలి, అదనపు లైబ్రరీలు (ఇతరులు రాసిపెట్టిన, మీరు వాడుకున్న కోడ్) ఏవి, నడపడానికి ఏ ఆదేశం ఇవ్వాలి అన్నవి చాలు. వీటితో పాటు పైన చెప్పిన లక్ష రూపాయల ఉదాహరణ వంటిది ఒకటి, అంకెలతో సహా రాయండి. తీసుకున్నవారు అదే ఇచ్చి చూసి 4,250 వస్తే తమ దగ్గర సరిగా నడుస్తోందని తెలుసుకుంటారు.

తరువాత మీ కంప్యూటర్ కాని ఇంకో కంప్యూటర్ దగ్గర, ఈ ప్రోగ్రాం గురించి తెలియని ఒకరిని కూర్చోబెట్టండి. డిగ్రీ చదివే తమ్ముడైనా చెల్లెలైనా సరే. రీడ్‌మీ చేతికిచ్చి మీరు నోరు మెదపకుండా చూడండి. వారు ఎక్కడ ఆగి మీ ముఖం వైపు చూస్తారో అక్కడ రీడ్‌మీలో ఒక వాక్యం తక్కువైందని అర్థం.

లైసెన్స్ ఒక్క ఫైలే, కానీ అది లేకపోతే అనుమతి లేనట్టే

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచనగా లెక్క. అంటే మీరు రాసిన క్షణం నుంచే హక్కులు మీవి. మీరు లైసెన్స్ పెట్టకుండా సోర్స్ ఇస్తే, తీసుకున్నవారికి దాన్ని మార్చి ఇంకొకరికి ఇచ్చే స్పష్టమైన అనుమతి ఉండదు. మీరు స్నేహంగానే ఇచ్చారు, నిజమే. కానీ మిత్రుడి మిత్రుడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

అందరూ వాడే లైసెన్సుల్లో రెండింటి గురించి తెలుసుకుంటే మీ పని జరుగుతుంది. ఎంఐటీ లైసెన్స్ చాలా చిన్నది. మీ కాపీరైట్ వాక్యం, అనుమతి పాఠం తీసేయకుండా ఎవరేమైనా చేసుకోవచ్చు, మార్చిన ప్రోగ్రాంను సోర్స్ లేకుండా అమ్ముకోవచ్చు కూడా. రెండోదైన జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) అలా ఒప్పుకోదు. దాని మొదటి సంస్కరణ 1989లో, రెండోది 1991లో, మూడోది 2007లో వచ్చాయి. లినక్స్ వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నల్ రెండో సంస్కరణ కిందే ఉంది. జీపీఎల్ కింద ఉన్న ప్రోగ్రాంను నడిచే రూపంలో ఇచ్చేవారు, తీసుకున్నవారికి సోర్స్ కూడా అందేలా చూడాలి. సోర్స్ అంటే మార్పులు చేయడానికి అనువైన రూపం అని అందులోనే రాసి ఉంది. కాబట్టి అర్థం కాకుండా మెలిపెట్టిన కోడ్ ఇచ్చి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. డబ్బుతో ముడిపడిన ఇటువంటి లెక్కల ప్రోగ్రాంకు నేనైతే జీపీఎల్ మూడో సంస్కరణే పెడతాను. ఎక్కడో ఒక దుకాణం దాన్ని తీసుకుని కమీషన్ లెక్క మార్చి, మూసిపెట్టి అమ్మడం నాకు ఇష్టం ఉండదు.

డబ్బు తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. తీసుకోవచ్చు. 1976లో బిల్ గేట్స్ కంప్యూటర్ అభిరుచిపరులకు బహిరంగ లేఖ రాసి, తమ బేసిక్‌ను డబ్బు చెల్లించకుండా కాపీ చేసుకుంటున్నారని కోప్పడ్డాడు. రాసినవారి శ్రమకు విలువ ఉండాలన్న మాటలో తప్పేమీ లేదు. సోర్స్ ఇచ్చినంత మాత్రాన ఆ విలువ పోదు. జీపీఎల్ కింద కూడా ప్రోగ్రాంకు ధర పెట్టవచ్చు, దుకాణానికి వెళ్లి అమర్చి నేర్పినందుకు రుసుము తీసుకోవచ్చు. తీసుకున్నవారు మరొకరికి ఇవ్వకుండా ఆపడం మాత్రం కుదరదు.

లైసెన్స్ పూర్తి పాఠాన్ని ఒక ఫైలుగా పెట్టి, ప్రతి సోర్స్ ఫైలు పైన మీ పేరు, సంవత్సరం, లైసెన్స్ పేరు ఒక్క వరుసలో రాయండి. ఇంతటితో ఈ పని అయిపోతుంది.

నడిచే ప్రోగ్రాం తయారుచేయడం

ఇక్కడే ఎక్కువ చిక్కులు వస్తాయి, కాబట్టి తీరిగ్గా చేయండి. పైథాన్ ప్రోగ్రాంను ఈఎక్స్ఈగా కట్టడానికి పైఇన్‌స్టాలర్ అనే సాధనం ఉంది. ఏ వ్యవస్థ మీద కడితే ఆ వ్యవస్థకే అది ప్రోగ్రాం ఇస్తుంది. లినక్స్ మీద కూర్చుని విండోస్ ఈఎక్స్ఈ తయారుచేయలేరు. విండోస్ కంప్యూటర్ ఒకటి దొరకబుచ్చుకోవలసిందే.

ముందుగా, తీసుకునేవారి కంప్యూటర్ ఏమిటో ఫోన్ చేసి కనుక్కోండి. దుకాణాలలో విండోస్ 7తో ఉన్న పాత యంత్రాలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. 2020 జనవరిలోనే దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసినా, బిల్లులు కొట్టే కంప్యూటర్‌ను ఎవరూ ఊరికే మార్చరు. పైథాన్ 3.9 నుంచి వచ్చిన సంస్కరణలు విండోస్ 7 మీద నడవవు, దానికి 3.8 ఆఖరుది. కొత్త పైథాన్‌తో కట్టిన ఈఎక్స్ఈ ఆ యంత్రంలో తెరుచుకోకుండా ఏదో డీఎల్ఎల్ (ప్రోగ్రాం నడవడానికి కావలసిన విండోస్ ఫైలు) లేదని సందేశం ఇస్తుంది. మామయ్యకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. ఆయన దగ్గర ఉన్నది 32 బిట్ల విండోసా, 64 బిట్లదా అన్నది కూడా అడగండి. 32 బిట్ల పైథాన్‌తో కట్టిన ప్రోగ్రాం రెండింటిలోనూ నడుస్తుంది, 64 బిట్లది రెండో దానిలోనే నడుస్తుంది. అనుమానం ఉంటే 32 బిట్ల 3.8తో కట్టి, వీలైతే అటువంటి పాత యంత్రం మీదే నడిపి చూడండి.

పైఇన్‌స్టాలర్‌లో అన్నిటినీ ఒకే ఫైలుగా కట్టే పద్ధతి ఉంది, ఒక ఫోల్డర్‌గా ఇచ్చే పద్ధతీ ఉంది. ఒకే ఫైలు చూడటానికి ముద్దుగా ఉంటుంది. కానీ తెరిచిన ప్రతిసారీ అది తనలోని సరుకునంతా తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుకోవాలి. పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. పైగా ఇలా తనను తాను విప్పుకునే ప్రోగ్రాములను యాంటీవైరస్‌లు తరచూ అనుమానిస్తాయి. ఫోల్డర్ పద్ధతే ఎంచుకోండి. పరిమాణం తగ్గించడానికి ఈఎక్స్ఈని ఇంకా కుదించే సాధనాలు వాడకండి, అనుమానం మరింత పెరుగుతుంది.

యాంటీవైరస్ అరిచినప్పుడు ‘దాన్ని ఆపేసి నడపండి’ అని ఎన్నడూ చెప్పకండి. ఆ ఒక్క సలహాతో తెలియని ప్రోగ్రాములన్నిటికీ అలాగే చేయాలని మామయ్యకు నేర్పినవారవుతారు. యాంటీవైరస్ సంస్థకు పొరపాటు అనుమానమని ఫైలు పంపే వీలు ఉంటుంది, అది వాడండి. లేదా ఆ యంత్రంలో పైథాన్ అమర్చి నేరుగా సోర్స్‌నే నడిపించండి, డెస్క్‌టాప్ మీద చిన్న షార్ట్‌కట్ పెడితే వారికి తేడా తెలియదు. నెట్ నుంచి దించిన ఈఎక్స్ఈకి డిజిటల్ సంతకం లేకపోతే విండోస్ నీలిరంగు హెచ్చరిక కూడా చూపిస్తుంది. సంతకానికి డబ్బు ఖర్చవుతుంది కాబట్టి అభిరుచిగా చేసేవారికి అది దండగే. హెచ్చరిక ఎందుకు వస్తుందో, ఫైలు మీదేనని ఎలా నిర్ధారించుకోవాలో రీడ్‌మీలో రాయండి.

లినక్స్ వాడే మిత్రులకు ఈఎక్స్ఈ వంటిది కట్టనక్కరలేదు. చాలా లినక్స్‌లలో పైథాన్ ముందే ఉంటుంది, సోర్స్ చాలు.

కట్ట కట్టి వేలిముద్ర తీయండి

ఇప్పుడు ఒకే జిప్‌లో రెండు ఫోల్డర్లు పెట్టండి. ఒకటి సోర్స్, ఇంకోటి నడిచే ప్రోగ్రాం. రీడ్‌మీ, లైసెన్స్ పైనే కనిపించాలి. జిప్ పేరులో సంస్కరణ సంఖ్య, తేదీ ఉండాలి. ‘కొత్తది’, ‘ఆఖరిది’, ‘నిజంగా ఆఖరిది’ అన్న పేర్లు వద్దు. ఇక్కడ ఒక నియమం కచ్చితంగా పాటించండి. నడిచే ప్రోగ్రాంను ఈ జిప్‌లో ఉన్న సోర్స్ నుంచే కట్టాలి. కట్టిన తరువాత సోర్స్‌లో ఒక్క అక్షరం దిద్దినా మళ్లీ కట్టాలి. రెండూ వేరైతే సోర్స్ చూసి లెక్క తేల్చుకున్నవారిని మీరు తప్పుదారి పట్టించినట్టే.

తరువాత జిప్‌కు షా-256 సంకేతం తీయండి, అది ఫైలుకు వేలిముద్ర వంటిది. విండోస్‌లో దీనికి సర్ట్‌యుటిల్ అనే ఆదేశం ముందే ఉంటుంది, లినక్స్‌లో షా256సమ్. 64 అక్షరాల వరుస వస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. దాన్ని ఫైలుతో పాటే పంపితే ప్రయోజనం తక్కువ, ఎందుకంటే ఫైలు మార్చినవాడు దాన్ని కూడా మార్చగలడు. పెన్‌డ్రైవ్‌లో జిప్ ఇచ్చి, సంకేతాన్ని ఫోన్‌కు మెసేజ్‌గా పంపండి. సరిపోలితే మీరిచ్చిన ఫైలే చేరిందని తెలుస్తుంది. ప్రోగ్రాం లెక్కలు సరైనవా కావా అన్నది అది చెప్పదు.

చేరవేయడం

జీమెయిల్ ఈఎక్స్ఈ ఫైళ్లను ఒప్పుకోదు, జిప్‌లో పెట్టినా లోపల చూసి ఆపేస్తుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే వెళ్తుంది. సోర్స్ అయితే కొన్ని కిలోబైట్లే కాబట్టి ఎలాగైనా పోతుంది. ఇక పెన్‌డ్రైవ్ విషయం. జిరాక్స్ షాపులో ప్రింట్ల కోసం తిరిగిన పెన్‌డ్రైవ్‌నే దీనికి వాడకండి. అక్కడి కంప్యూటర్లలో రోజుకు ఎందరి పెన్‌డ్రైవ్‌లు పెడతారో ఆలోచించండి. 2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ వంటిది) నెట్‌వర్క్‌తో పాటు పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకింది. శుభ్రంగా ఫార్మాట్ చేసిన దానిలో ఈ ఒక్క జిప్ మాత్రం పెట్టి ఇవ్వండి.

మీరే తీసుకునేవారైతే

ఎవరైనా నడిచే ప్రోగ్రాం ఇస్తే మర్యాదగా సోర్స్ అడగండి. అభిరుచిపరుల మధ్య అది అనుమానించడం కిందికి రాదు. వస్తే మీరే దాని నుంచి ప్రోగ్రాం కట్టుకుని, రెండూ ఒకే ఫలితం ఇస్తున్నాయా అని చూడండి. అడిగినా రాకపోతే, బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రాం పెట్టకండి. సోర్స్ చదివినా పూర్తి భరోసా దొరకదని కూడా గుర్తుంచుకోవాలి. యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ రూపకర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో, సోర్స్‌ను నడిచే రూపంలోకి మార్చే కంపైలర్‌లోనే దొంగ ద్వారం దాచిపెడితే సోర్స్ ఎంత చదివినా కనిపించదని చూపించాడు. 1984లో అచ్చయిన ఉపన్యాసం అది. అందుకే పైథాన్‌ను, కంపైలర్‌ను అసలు చోటు నుంచే దించుకోండి, ఎవరో ఇచ్చిన ప్రతి వాడకండి.

దిద్దుబాటు వచ్చినప్పుడు

సోర్స్ ఇచ్చాక కొన్నాళ్లకు ఎవరో ఒకరు తప్పు పట్టుకుంటారు. భాగహారంలో పైసలు మిగిలితే ఎవరి ఖాతాలో వేయాలన్నది చీటీ ప్రోగ్రాంలో తొందరగా బయటపడే తప్పు. 15,000 ఇరవై మందికి సరిగ్గా సరిపోతుంది కానీ, 14,990 అయితే తలా 749 రూపాయల 50 పైసలు. పైసలు వదిలేసి రూపాయలకు సవరిస్తే మొత్తంలో పది రూపాయలు ఎటో పోతాయి. దిద్ది పంపినవారి మార్పును వరుస వరుసగా చదవండి, రీడ్‌మీలోని ఉదాహరణతో మళ్లీ నడపండి, ఈ కొత్త ఉదాహరణను కూడా దానికి చేర్చండి. మార్పుల ఫైలులో తేదీ, ఏమి మారింది, ఎవరు దిద్దారు అన్నవి వారి అనుమతితో రాయండి. సంస్కరణ సంఖ్య పెంచి, సోర్స్ నుంచి నడిచే ప్రోగ్రాంను కొత్తగా కట్టి, కొత్త సంకేతం తీయండి. పాతది ఎవరెవరికి ఇచ్చారో వారందరికీ చెప్పండి. మామయ్యకైతే ఫోన్ చేసి, గత నెల పట్టికలో ఆ పది రూపాయలు ఎవరికి తక్కువ పడ్డాయో కూడా చూసి చెప్పండి.